జిమ్ ట్రైనర్ క్రియేటిన్ కొనమని ఒకటే పోరు.. కొనాలా వద్దా?

మున్నేకొళాల_మధు

వయసు 27, ఎత్తు 5.9, బరువు 61. ఊరు కందుకూరు దగ్గర, ఉండేది బెంగళూరు మున్నేకొళాలలో ఒక పీజీలో. గుడ్డు కూడా ముట్టని శాకాహారిని. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. మొదటి రెండు నెలలు వారం వారం బరువులు పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు బెంచ్ ప్రెస్ 45 కేజీల దగ్గర ఆగిపోయింది. ఆరో రెప్‌కి, అంటే ఆరోసారి ఎత్తేసరికి, చేతులు వణుకుతాయి, ఏడోది లేవదు.

మా ట్రైనర్ 6,800కి ఒక ప్యాకేజీ చెప్తున్నాడు. క్రియేటిన్, వే ప్రోటీన్ (పాల నుంచి తీసే పొడి), బీసీఏఏ (అమైనో ఆమ్లాల పొడి), ఇంకా వ్యాయామానికి ముందు తాగే ఏదో ప్రీ వర్కౌట్. "నువ్వు వెజ్, ఇవి లేకుండా నీకు జన్మలో కండ పట్టదు" అంటాడు. అందరి ముందూ అంటాడు, అదీ బాధ.

ఇంట్లో మాటవరసకి అంటే మా బావ "కిడ్నీలు పోతాయిరా, మా ఆఫీసులో ఒకడికి డయాలసిస్ దాకా వెళ్లింది" అన్నాడు. పక్కనుంచి అమ్మ విన్నది. అప్పట్నుంచి రోజూ ఫోన్ చేసి "ఆ పొడులేవీ తాగట్లేదుగా" అని అడుగుతోంది. వీడియోలు చూస్తే ఒకడు అమృతం అంటాడు, ఇంకొకడు విషం అంటాడు. నిజంగా వాడినవాళ్లు చెప్పండి.

బీటీఎం_భీముడు

ప్యాకేజీలో నాలుగున్నాయి కదా. క్రియేటిన్ ఉంచు, మిగతా మూడూ ట్రైనర్‌కే వదిలెయ్. బీసీఏఏ అంటే రంగునీళ్లు. నేను మూడేళ్లుగా క్రియేటిన్ మోనోహైడ్రేట్ (మామూలుగా దొరికే రకం) రోజుకి 5 గ్రాములు వేసుకుంటున్నా. కిడ్నీలు ఉన్నాయి, పనిచేస్తున్నాయి, ఈ పోస్టు మధ్యలో కూడా ఒకసారి లేచి వెళ్లొచ్చా.

పెసరట్టు_ఉప్మా

భీమన్నా, ఆ చివరి సమాచారం మేం అడగలేదు.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

జిమ్‌లో చేరిన నాలుగు నెలలకే "ఆగిపోయింది" అనే మాట వాడకూడదు మధూ. ముందు చెప్పు, రోజూ ఏం తింటున్నావ్? ఎన్నింటికి పడుకుంటున్నావ్? ఈ రెంటికీ జవాబు లేకుండా డబ్బా కొంటే, పునాది తవ్వకుండానే సున్నం కొన్నట్టు.

మున్నేకొళాల_మధు

పొద్దున పీజీ టిఫిన్: ఇడ్లీ, లేకపోతే పొంగలి, లేకపోతే నిన్నటి ఇడ్లీతో ఉప్మా. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో సౌత్ థాలీ. రాత్రి పీజీలో అన్నం, పప్పు, చారు. పప్పంటే ఏ పప్పో అడక్కండి, గరిటె గిన్నె అడుగుదాకా వెళ్లొస్తేగానీ ఓ నాలుగు బద్దలు కనపడవు. పడుకునేది ఒంటిగంటకి. యూఎస్ కాల్స్.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

అదిగో. నీ బెంచ్ ప్రెస్ ఆగింది 45 దగ్గర కాదు, ఆ గిన్నె దగ్గర.

రాయచోటి_రాణి

సన్యాసి గారన్నది నిజమే కానీ, అతను అడిగిందానికి జవాబు అది కాదు. క్రియేటిన్ ఏం చేస్తుందో ఎవరైనా చెప్తే తనే తేల్చుకుంటాడు. నేను హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో రెండేళ్లుగా లిఫ్ట్ చేస్తున్నా, డెడ్‌లిఫ్ట్ 85 దాకా వచ్చింది. నాకు తెలిసింది చెప్తా.

కండ ముడుచుకోవాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. కండలో అది ఎప్పుడూ కొంచెమే ఉంటుంది, జేబులో చిల్లరలాగా. బరువు ఎత్తగానే రెండు మూడు సెకన్లలో ఖర్చైపోతుంది. అప్పుడు పక్కనే ఫాస్ఫోక్రియేటిన్ రూపంలో నిల్వ ఉన్న క్రియేటిన్ చేబదులిస్తుంది. రూమ్మేటు జేబులోంచి తీసి "ఇదుగో, ముందు వాడుకో" అంటాడే, అలా. ఆ బదులు సుమారు పది సెకన్లు నడుస్తుంది. సెట్‌కీ సెట్‌కీ మధ్య కూర్చుని ఫోన్ చూసుకుంటాం కదా, ఆ రెండు మూడు నిమిషాల్లో బాకీ తీరి జేబు మళ్లీ నిండుతుంది.

క్రియేటిన్ తీసుకుంటే రూమ్మేటు జేబు కొంచెం పెద్దదవుతుంది. అంతే. ఆరు రెప్స్ చేసేవాడు ఏడు చేస్తాడు. ఆ ఏడోది నెలల తరబడి చేస్తే కండ పెరుగుతుంది. పొడి దానంతటది కండ కట్టదు. తాగి సోఫాలో కూర్చుంటే ఏమీ రాదు.

గోంగూర_2.0

అక్కా, చేబదులు ఉదాహరణ అదిరింది. కానీ మా రూమ్మేటు బదులివ్వడు, తీసుకుంటాడు.

పెసరట్టు_ఉప్మా

మీ రూమ్మేటు పేరు బీసీఏఏ అయ్యుంటుంది.

కర్నూలు_కోటగోడ

క్రియేటిన్ కెమికల్ అనుకుంటాండారు చాలామంది. కాదప్పా. మన ఒంట్లోనే తయారవుతుంది. లివర్, కిడ్నీలు కలిసి మూడు అమైనో ఆమ్లాల నుంచి రోజుకి దగ్గర దగ్గర ఒక గ్రాము చేస్తాయి. మాంసం, చేపలు తినేవాళ్లకి తిండిలోంచి ఇంకో గ్రాము దాకా వస్తుంది. 1832లో ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రేల్ మాంసంలోంచే దీన్ని మొదట వేరుచేసినాడు. పేరు కూడా గ్రీకులో మాంసమనే మాట నుంచే పెట్టినారు. తర్వాత జర్మనీలో లీబిగ్ అనే ఆయన, అడవిలో పరిగెత్తే నక్కల కండలో ఇది ఎక్కువ, పెంచిన నక్కల్లో తక్కువ అని గమనించినాడు. 1840ల నాటి మాట.

మధు పెంపుడు నక్క, ఆఫీసు కుర్చీలో పెరిగింది.

మున్నేకొళాల_మధు

నక్క అన్నందుకు కాదు గానీ, పాయింటు అర్థమైంది. అయితే మాంసం తినేవాళ్లకి పొడి అక్కర్లేదా? నాకే ఎక్కువ అవసరమా?

బీటీఎం_భీముడు

కిలో పచ్చి చికెన్‌లో ఉండేది నాలుగు గ్రాములు, అటూ ఇటూగా. వండితే అందులోనూ కొంత పోతుంది. అంటే రోజుకి 5 గ్రాములు కోడి నుంచే రావాలంటే కిలో పైనే తినాలి. తినగలను, మారతహళ్లి బ్రిడ్జి కింద ఆంధ్రా మెస్‌వాళ్లే నన్ను రానివ్వరు.

నీ విషయానికొస్తే, శాకాహారుల కండల్లో క్రియేటిన్ నిల్వలు తక్కువగా ఉంటాయని పరీక్షల్లో తేలింది. పాలల్లో ఉంటుంది కానీ లెక్కలోకి రానంత. సగం ఖాళీగా ఉన్న బిందెలో నీళ్లు పోస్తే తేడా తెలుస్తుంది కదా, అందుకే వెజ్‌వాళ్లకి సాధారణంగా ఫలితం కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. నిండు బిందె ఉన్నవాళ్లలో కొంతమందికి అసలేమీ తెలియదు. మా జిమ్‌లో ఇద్దరున్నారు, మూడు నెలలు వాడి "ఏం లేదు మామా" అని మానేశారు.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

ఇప్పుడు నేను కాస్త నీళ్లు పోస్తా. భీమా, నువ్వు కండ అంటున్నదాంట్లో నీళ్లెంతో చెప్పవేం?

క్రియేటిన్ కండలోకి వెళ్తూ నీటిని వెంటేసుకుని వెళ్తుంది. మొదటి వారంలోనే కేజీ, కొందరికి ఇంకా ఎక్కువ పెరిగేది అందుకే. స్కాన్‌లో అది కూడా "లీన్ మాస్" (కొవ్వు కాని బరువు) కిందే పడుతుంది. 2025లో ఆస్ట్రేలియాలో ఒక ట్రయల్ వచ్చింది, 54 మందితో. వాళ్లు తెలివైన పని చేశారు. వ్యాయామం మొదలవక ముందే ఒక వారం పాటు క్రియేటిన్ ఇచ్చి చూశారు. వాడినవాళ్లకి ఆ వారంలోనే అరకేజీ ఎక్కువ పెరిగింది. తర్వాత 12 వారాలు రెండు గుంపులూ ఒకే వ్యాయామం చేస్తే, రెంటికీ సగటున తలా రెండు కేజీలే. తేడా లేదు. అంటే మొదటి వారం నీళ్లు తీసేస్తే మిగిలింది సున్న.

బీటీఎం_భీముడు

ఆ ట్రయల్ నేనూ చదివా. రోజుకి 5 గ్రాములు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు. కొత్తవాళ్లకి ఏం చేసినా పెరుగుతుంది, అందులో క్రియేటిన్ వాటా కనపడకపోవచ్చు. పైగా అది ఒక్క ట్రయల్. ముప్పై ఏళ్లుగా వచ్చినవన్నీ కలిపి లెక్కేస్తే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ల కంటే సగటున ఓ కేజీ లీన్ మాస్ ఎక్కువ.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

ఆ కేజీలో కూడా నీళ్లున్నాయనే నేను చెప్తున్నది!

బీటీఎం_భీముడు

ఉన్నాయి. కాదన్లేదు. కానీ బార్ మీద ప్లేట్లు పెరిగాయా లేదా? నీళ్లు బరువులెత్తవు కదా. బలం విషయంలో సాక్ష్యం గట్టిగానే ఉంది. కాసేపు గట్టిగా చేసి, ఆగి, మళ్లీ చేసే వ్యాయామంలో రోజుకి 3 గ్రాములతో సామర్థ్యం పెరుగుతుందన్న మాటని యూరప్ ఆహార భద్రతా సంస్థే ఒప్పుకుంది. వాళ్లు ఊరికే ఒప్పుకునే రకం కాదు.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

బలం విషయంలో సరే, ఒప్పుకుంటా. అద్దం ముందు కనిపించే కండ విషయంలో ఒప్పుకోను. మధు "కండ" అని అడిగాడు, "బలం" అని కాదు.

రాయచోటి_రాణి

మధు అడిగింది ఏడో రెప్ గురించి. పైకి వెళ్లి చదవండి ఇద్దరూ.

గోంగూర_2.0

నీళ్లు లాగుతుందంటే గుర్తొచ్చింది. 2024 ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌కి ట్యాంకరు రెండ్రోజులకొకసారి వచ్చేది. ఆ టైమ్‌లో క్రియేటిన్ మొదలుపెట్టిన ఘనుణ్ణి నేను. డబ్బా మీద "నీళ్లు బాగా తాగండి" అని రాసుంది. అసోసియేషన్ గ్రూపులో "నీళ్లు పొదుపుగా వాడండి" అని మెసేజ్.

సరే, అసలు సంగతి. మధు బావ చెప్పిన కిడ్నీ భయం నేను అనుభవించా. మొదలుపెట్టిన ఐదో నెలలో ఆఫీసువాళ్ల యాన్యువల్ హెల్త్ చెకప్. రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. క్రియాటినిన్ 1.42, పక్కన ఎర్ర అక్షరాల్లో "హై". 500డి బస్సులో నిలబడి ఉన్నా. ఇబ్లూరు దగ్గర చదివితే అగర వచ్చేసరికి చెమటలు. ఇంటికెళ్లి గూగుల్ చేశాను, అది ఇంకో తప్పు. రాత్రంతా నిద్ర లేదు, మా ఆవిడకి చెప్పలేదు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో మాత్రం వెతుక్కున్నా.

పొద్దున్నే డాక్టర్ దగ్గరికి. ఆయన మొదటి ప్రశ్న "జిమ్‌కి వెళ్తారా?" రెండో ప్రశ్న "ఏం పొడి?" మూడో ప్రశ్న "టెస్టు ముందు రోజు ఏం చేశారు?" లెగ్ డే, ఆ తర్వాత రాత్రి మటన్ బిర్యానీ. ఆయన నవ్వాడు. పొడి ఆపి నెల తర్వాత రమ్మన్నాడు. సిస్టాటిన్ సి అనే ఇంకో టెస్టు, యూరిన్ టెస్టు రాశాడు. నెల తర్వాత క్రియాటినిన్ 1.08, మిగతావి నార్మల్. ఆ నెల రోజులు నేను తినని పచ్చడి లేదు, ఎలాగూ పోతాంలే అని.

ల్యాబ్‌కోటు

పదకొండేళ్లుగా డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పని. గోంగూర గారిలాంటి రిపోర్టు వారానికి ఒకటైనా చూస్తా, అందుకే వివరంగా రాస్తున్నా.

క్రియేటిన్ వేరు, క్రియాటినిన్ వేరు. కండలోని క్రియేటిన్‌లో రోజూ రెండు శాతం దాకా దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపుతాయి. వడపోత దెబ్బతింటే రక్తంలో అది పేరుకుంటుంది, కాబట్టి దాన్ని కొలిచి కిడ్నీల పని అంచనా వేస్తాం. అంచనా అన్నాను, గమనించండి. రిపోర్టులో కనిపించే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) కూడా మామూలుగా ఆ క్రియాటినిన్ అంకెని సూత్రంలో పెట్టి తీసిందే.

మరి ముడిసరుకే ఎక్కువైతే? వడపోత బాగున్నా అంకె పెరుగుతుంది. కండ ఎక్కువున్నవాళ్లకి, ముందురోజు భారీ వ్యాయామం చేసినవాళ్లకి, బాగా ఉడికిన మాంసం తిన్నవాళ్లకి కూడా పెరుగుతుంది. గోంగూర గారు మూడూ చేసి వచ్చారు, పైన పొడి. సిస్టాటిన్ సి కండ మీద అంతగా ఆధారపడదు, అందుకే డాక్టరు అది రాశారు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, పొడి సంగతి డాక్టరుకి చెప్పరు, లేని జబ్బు ఉందని హడావుడి. రెండోది దీనికంటే ప్రమాదం. "ఆ, క్రియేటిన్ వల్లే పెరిగిందిలే" అని వదిలేస్తారు, నిజంగా కిడ్నీ జబ్బు ఉంటే అది బయటపడదు. మొదలుపెట్టే ముందే ఒకసారి క్రియాటినిన్, యూరిన్, బీపీ, షుగర్ చూపించుకుంటే తర్వాత పోల్చుకోడానికి ఒక అంకె ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలు మోతాదుతో కిడ్నీలు పాడయ్యాయని పరిశోధనల్లో ఎక్కడా గట్టిగా తేలలేదు. కానీ ఇప్పటికే కిడ్నీ సమస్య, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ మీద భారం వేసే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకండి. ఇది మాత్రం ఫోరంలో తేల్చుకునేది కాదు.

మున్నేకొళాల_మధు

మేడమ్ లేదా సార్, ఈ ఒక్క పోస్టు స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపించా. "డయాలసిస్ అతనికి షుగర్ కూడా ఉందిలే" అని ఇప్పుడు చెప్తున్నాడు!

ల్యాబ్‌కోటు

మేడమే. ఆ ముక్క ముందే చెప్పాల్సింది మీ బావగారు.

అద్దె_కండలు

అందరూ కిడ్నీ అంటున్నారు, నా బాధ జుట్టు. మొదలుపెట్టి రెండు నెలలు, బాత్రూమ్ జాలీలో రోజూ ఒక చిన్న ఎలుక అంత జుట్టు. ఆపేయాలా?

బీటీఎం_భీముడు

ఆ కథ మొత్తం 2009 నాటి ఒకే ఒక్క పరిశోధన నుంచి వచ్చింది. దక్షిణాఫ్రికాలో 20 మంది కాలేజీ రగ్బీ ఆటగాళ్లు. మూడు వారాల్లో డీహెచ్‌టీ అనే హార్మోను పెరిగిందన్నారు. బట్టతలకి ఆ హార్మోనుకి సంబంధం ఉంది కాబట్టి జనం మిగతాది ఊహించుకున్నారు. అసలు అక్కడ ఎవరి జుట్టూ లెక్కపెట్టలేదు. 2025లో నిజంగానే జుట్టు లెక్కపెట్టి చూశారు, 12 వారాలు. క్రియేటిన్ వాడినవాళ్లకి, వాడనివాళ్లకి తేడా రాలేదు.

పెసరట్టు_ఉప్మా

బెంగళూరు వచ్చిన ప్రతి తెలుగువాడూ జుట్టు ఊడితే బోరు నీళ్లని తిట్టుకుంటాడు. నువ్వు మొదటిసారి బోరుని వదిలేసి పొడిని పట్టుకున్నావ్. బోరు తరఫున ధన్యవాదాలు.

అద్దె_కండలు

మా నాన్నకి 30కే బట్టతల అని రాయడం మర్చిపోయా.

పెసరట్టు_ఉప్మా

కేసు కొట్టేశాం.

రాయచోటి_రాణి

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. ఇది స్టెరాయిడ్ కాదు. గొంతు మారదు, మీసాలు రావు. ఆటల్లో నిషేధించిన మందుల జాబితాలో కూడా లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్ రన్నర్లు వాడారని పేపర్లలో వచ్చాక దీనికి ఇంత పేరు. అయినా మా అత్తగారు వంటింట్లో డబ్బా మీద కండల మనిషి బొమ్మ చూసి మా ఆయన్ని పక్కకి పిలిచి "దానికేమైనా అవుతుందేమోరా" అన్నారట. డబ్బా మీది బొమ్మ చించేశా, సమస్య తీరిపోయింది.

నాకు ఇబ్బందల్లా మొదటి వారం బరువు. ఒక కేజీ మూడొందలు పెరిగింది. ఏడాది కష్టపడి తగ్గించుకున్నది వెనక్కొచ్చిందేమోనని టెన్షన్. నడుము టేపు పెట్టి కొలిస్తే అంతే ఉంది. మూడో వారం నుంచి కాటా మీద ఎక్కడం మానేసి టేపే వాడుతున్నా.

జయనగర్_తాతయ్య

నాకు 63. నెల్లూరు వదిలి ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు. మీ కుర్రాళ్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. రెండేళ్ల కిందట కింద కూర్చుంటే చెయ్యి ఆసరా లేకుండా లేవలేకపోయేవాణ్ణి. ఫిజియో అమ్మాయి రబ్బరు బ్యాండ్లతో, చిన్న బరువులతో వారానికి మూడుసార్లు చేయించింది. ఆర్నెల్ల తర్వాత డాక్టరు రక్తపరీక్షలు చూసి, రోజుకి 3 గ్రాములు క్రియేటిన్ వేసుకోవచ్చన్నాడు. 55 దాటినవాళ్లు వ్యాయామంతో పాటు తీసుకుంటే కండబలానికి మేలని ఆయనే చెప్పాడు. ఇప్పుడు చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను. పొడి వల్లా, బ్యాండ్ల వల్లా అంటే, నా అనుమానం బ్యాండ్ల మీదే ఎక్కువ.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

తాతయ్య గారూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నిజాయితీ గల రివ్యూ.

కర్నూలు_కోటగోడ

మధూ, కొనాలనుకుంటే యాడ కొంటావో జాగ్రత్త. నేను ఒక వీధి చివర షాపులో "ఇంపోర్టెడ్" అని సగం ధరకి తెచ్చుకున్నా. స్టిక్కర్ అంచు లేచుంటే గోరుతో గీకినా, కింద ఇంకో స్టిక్కర్. దాని కింద ఇంకోటి. పొడి నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంది. ఫ్లేవర్ లేని క్రియేటిన్ తియ్యగా ఉండదు, రుచే ఉండదు, ఇసకలా పళ్ల కింద పడుతుంది. మూడో రోజు పొద్దున చూస్తే డబ్బా చుట్టూ చీమలు బారులు తీరినాయి. చీమలకి ఫ్రీగా సప్లిమెంట్.

అప్పటినుంచి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి చూసి, కంపెనీ సొంత సైట్‌లోనే కొంటాండా.

రాయచోటి_రాణి

హెచ్‌సీఎల్, ఇథైల్ ఎస్టర్, బఫర్డ్ అని రెట్టింపు రేటుకి అమ్మే వేరే రకం క్రియేటిన్‌ల జోలికి కూడా వెళ్లొద్దు. మోనోహైడ్రేట్ కంటే మేలని రుజువైనది ఒక్కటీ లేదు. ఇథైల్ ఎస్టర్ అయితే కండలోకి చేరకముందే చాలావరకు క్రియాటినిన్ అయిపోతుంది. డబ్బులు పెట్టి రిపోర్టు పాడుచేసుకోవడమే.

మున్నేకొళాల_మధు

ట్రైనర్ "మొదటి వారం లోడింగ్, రోజుకి 20 గ్రాములు" అంటున్నాడు. చెయ్యాలా?

బీటీఎం_భీముడు

అక్కర్లేదు. రోజుకి 20 చొప్పున ఆరు రోజులు వేసుకున్నా, రోజుకి 3 చొప్పున 28 రోజులు వేసుకున్నా, చివరికి కండలో నిల్వ ఒకటేనని 1996లోనే తేల్చారు. తేడా త్వరగానా నిదానంగానా అన్నదే. 20 వేసుకుంటే డబ్బా త్వరగా అవుతుంది, అది ఎవరికి లాభమో ఆలోచించు.

పెసరట్టు_ఉప్మా

నేను లోడింగ్ చేశా. నాలుగు వాయిదాల్లో వేసుకోవాలని తెలియక 20 గ్రాములూ ఒకేసారి వేసుకున్నా. పీజీలో ఆరుగురికి ఒక బాత్రూమ్. మిగతా ఐదుగురూ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

కర్నూలు_కోటగోడ

ఇప్పుడు అర్థమైంది నీ హ్యాండిల్‌లో ఉప్మా ఎందుకుందో. తేలిగ్గా అరుగుతుందని!

గోంగూర_2.0

పొద్దునా, సాయంత్రమా, వర్కౌట్ ముందా, తర్వాతా అని బుర్ర పాడుచేసుకోకు. ఏదో ఒక టైమ్, రోజూ, జిమ్ లేని రోజు కూడా. నేను మజ్జిగలో కలుపుతా. చల్లటి నీళ్లలో కరగదు, స్టీలు గ్లాసు అడుగున తెల్లగా మేట వేస్తుంది. ఇంకొన్ని నీళ్లు పోసి తిప్పి ఆ మేట కూడా తాగాలి, అసలు సరుకు అదే. కలిపి బాటిల్లో రోజుల తరబడి ఉంచొద్దు, నీళ్లలో మెల్లగా పాడైపోతుంది.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

అందరూ గ్లాసు దగ్గరే ఉన్నారు, పళ్లెం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 61 కేజీల మనిషి కండ పెంచాలంటే కేజీకి 1.6 గ్రాముల లెక్కన రోజుకి 98 గ్రాముల ప్రోటీన్ కావాలి. మధు చెప్పిన తిండిలో నేను ఎంత ఉదారంగా లెక్కేసినా 45 దాటట్లేదు.

6,800 పక్కన పెట్టుకుని చూడు. మీల్‌మేకర్ 50 గ్రాములు నానబెడితే 26 గ్రాముల ప్రోటీన్. పీజీ వంటమనిషికి నెలకి ఏదో కొంచెం ఇస్తే వేయించి పెడతాడు. రాత్రి అర లీటరు పాలు, ఇంకో 16. ఆఫీసు డ్రాయర్లో వేయించిన శనగలు ఓ గుప్పెడు. క్యాంటీన్‌లో పెరుగు రెండు కప్పులు. వారానికి నాలుగుసార్లు పనీరు. దాదాపు చేరిపోయావ్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ప్రోటీన్ పొడుల జోలికి వెళ్లొద్దనే చెప్పింది.

రాయచోటి_రాణి

ఆ సూచన ప్రోటీన్ పొడుల గురించి, క్రియేటిన్ గురించి కాదు. పీజీలో ఉండే వెజ్ అబ్బాయికి ఒక స్కూపు వే పెద్ద పాపం అని కూడా నేననుకోను. మీల్‌మేకర్ విషయంలో మాత్రం రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటా. మిక్సీలో తిప్పి అల్లం పచ్చిమిర్చి వేసి గారెల్లా వేయించొచ్చు.

జయనగర్_తాతయ్య

నిద్ర మాట మరిచారు. ఒంటిగంటకి పడుకునేవాడికి ఏ పొడి వేసినా ఒకటే.

మున్నేకొళాల_మధు

సరే. నిర్ణయం: ప్యాకేజీ వద్దన్నాను, ట్రైనర్ రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. ముందు రక్తపరీక్ష చేయించుకున్నా, క్రియాటినిన్ 0.86. ఒక నెల తిండి మాత్రమే మారుస్తా. ఆ తర్వాత క్రియేటిన్ రోజుకి 3 గ్రాములు మొదలు. లేకపోతే దేనివల్ల ఏమైందో నాకే తెలియదు. సంక్రాంతి తర్వాత వచ్చి చెప్తా.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

ఇలాంటి మాట చెప్పినవాళ్లెవరూ తిరిగి రాలేదు ఇక్కడ. చూద్దాం.

మున్నేకొళాల_మధు

వచ్చా. సన్యాసి అన్నా, లెక్క రాసుకో.

తిండి మార్చిన నెల: బరువు 61 నుంచి 62.4. బెంచ్ 45తో ఆరు రెప్స్ కాస్తా ఎనిమిది. అంటే పొడి రాకముందే ఏడోది, ఎనిమిదోది లేచాయి. కాల్స్ వారంలో మూడు రోజులకి తగ్గించుకున్నా, మిగతా రోజులు పదకొండున్నరకే పడక.

క్రియేటిన్ మొదలుపెట్టి ఎనిమిది వారాలు: బరువు 64.5, బెంచ్ 52.5తో ఏడు. మొదటి పది రోజుల్లోనే 900 గ్రాములు పెరిగింది, అది నీళ్లని నాకూ తెలుసు. రెండో సెట్టు, మూడో సెట్టు చివర్లో తేడా తెలుస్తోంది, మొదటి సెట్టులో ఏమీ లేదు. క్రియాటినిన్ మళ్లీ చూపించా, టెస్టుకి మూడు రోజుల ముందు నుంచి జిమ్ లేదు. 1.01.

సిల్క్‌బోర్డ్_సన్యాసి

తిండికి రెండు రెప్స్, పొడికి ఏడున్నర కేజీలా? ఆ ఎనిమిది వారాల్లో కూడా తింటూనే ఉన్నావ్ కదా!

బీటీఎం_భీముడు

మొదలెట్టాడు మళ్లీ.

రాయచోటి_రాణి

అమ్మగారికి చెప్పావా మధూ?

మున్నేకొళాల_మధు

చెప్పలేదక్కా, తెలిసిపోయింది. సంక్రాంతికి వారం రోజులకి సరిపడా జిప్ కవర్లో పోసి తీసుకెళ్లా. తెల్లగా, మెత్తగా ఉంటుంది కదా. భోగి ముందురోజు సాయంత్రం బాత్రూమ్‌లోంచి బయటికొచ్చేసరికి అమ్మ తులసికోట దగ్గర కూర్చుని ఉంది, చేతిలో నా కవరు. "ఇదేం ముగ్గుపిండిరా బెంగళూరిది, వేళ్ల సందున జారట్లేదు" అంటోంది. కూర్చోబెట్టి అంతా చెప్పా, రెండు రిపోర్టులూ చూపించా. రిపోర్టులు చూసి "సరేలే" అంది. తర్వాత "ముందే చెప్తే బియ్యప్పిండి కలిపేదాన్ని కదా" అంది.

పెసరట్టు_ఉప్మా

ఎన్ని చుక్కల ముగ్గు?

మున్నేకొళాల_మధు

ఏడు. మూడో వరసలోనే అయిపోయింది.